ఆదివారం మోటివేషన్ క్లాసు, సోమవారం రెడ్ లిస్టు: అనంతపురం జిల్లా ఫైనాన్స్ సంస్థల యాజమాన్యాలకు, ట్రైనర్లకు బహిరంగ లేఖ

అనంతపురం జిల్లాలోని మైక్రోఫైనాన్స్, చిన్న రుణాల సంస్థల బ్రాంచ్ మేనేజర్లకు, ఏరియా మేనేజర్లకు, హెచ్‌ఆర్ అధికారులకు, ఆ సంస్థల సిబ్బందికి శిక్షణ ఇచ్చే ట్రైనర్లకు, కోచ్‌లకు,

నమస్కారం.

నేను ఈ జిల్లాలో చాలా ఏళ్లుగా ఫీల్డ్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో మహిళా గ్రూపులకు అప్పులిప్పించడం, సెంటర్ మీటింగులు (గ్రూపులు ఒకచోట కూడి డబ్బు కట్టే సమావేశాలు) పెట్టడం, కంతులు, అంటే అప్పు వాయిదాలు, వసూలు చేయడం నా పని. మా పని ఎట్లా సాగుతుందో మీకు తెలిసిందే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. మా కోసమని మీరు డబ్బు ఖర్చుపెట్టి జరిపిస్తున్న మోటివేషన్ క్లాసులు, వెల్‌బీయింగ్ కార్యక్రమాలు, కోచింగ్ సెషన్లు మమ్మల్ని ఏ స్థితికి తెస్తున్నాయో చెప్పడానికే ఈ లేఖ.

ఈ మాటలు మేం కొంతమందిమి కలిసి ముందు బ్రాంచ్‌లో నోటితో చెప్పాం. తర్వాత అర్జీ రాసిచ్చాం. పై ఆఫీసుకు మెయిల్ పెట్టాం. "చూస్తాం" అన్న మాట తప్ప జవాబు రాలేదు. ఆ తర్వాత మా చేతికి వచ్చింది ఇంకో ఆదివారం క్లాసుకు హాజరు తప్పనిసరి అన్న సర్క్యులర్. అందుకే అందరికీ తెలిసేట్టు రాస్తున్నాను. మా సంస్థ పేరు రాయడం లేదు. వేరే సంస్థల్లో పనిచేసే స్నేహితులు కూడా ఇవే మాటలు చెబుతున్నారు. అలాంటప్పుడు ఒక్క సంస్థను వేలెత్తి చూపడం న్యాయం కాదు.

మాకు శిక్షణ వద్దని ఎవరూ అనడం లేదు. ఇంటర్ చదివి, డిగ్రీ మధ్యలో ఆపేసి ఈ ఉద్యోగంలోకి వచ్చిన పిల్లలు మాలో చాలామంది. కోపంలో ఉన్న మనిషితో ఎట్లా మాట్లాడాలి, డబ్బు లేదన్న మనిషిని ఏం అడగాలి, రోజంతా మాటలు పడి ఇంటికి పోయాక మనసును ఎట్లా నిలబెట్టుకోవాలి అన్నవి మాకు నిజంగా నేర్పాల్సినవే. మంచి కోచింగ్ వీటిని నేర్పగలదని నేను గట్టిగా నమ్ముతాను. మీరు ఇస్తున్నది అది కాదు. అదే మా బాధ.

పోయిన వేసవిలో జరిగిన ఒక క్లాసు సంగతి చెబుతాను. అనంతపురం బైపాస్ దగ్గర ఒక ఫంక్షన్ హాలు. చాలా బ్రాంచీల సిబ్బందిని పిలిచారు. రాయదుర్గం వైపు నుంచి వచ్చినవాళ్లు తెల్లవారకముందే లేచి బస్సెక్కారు. ట్రైనర్ గారు మంచి మాటకారి. పాటలు పెట్టారు, చప్పట్లు కొట్టించారు, మా భయాలను కాగితం మీద రాయించి అందరి చేతా ఒకేసారి చింపించారు. ఇంకా టిఫిన్ టైం కూడా కాలేదు, కళ్యాణదుర్గం వైపు పనిచేసే తమ్ముడొకడు లేచి అడిగాడు: "సార్, మా ఊర్లలో శెనక్కాయ పోయింది. సగం మంది బెంగళూరుకు పనికి పోయినారు. ఇండ్లకు తాళాలేసి ఉండాయి. కంతు ఎవర్ని అడగాల?" వేదిక మీది నుంచి జవాబు వచ్చింది: "పరిస్థితిని చూడకు, నీ మైండ్‌సెట్ మార్చుకో. సాకులు చెప్పేవాడు ఎదగడు." హాలంతా చప్పట్లు. ఆ పిల్లవాడు కూర్చున్నాడు. సాయంత్రం దాకా మళ్లీ నోరు తెరవలేదు. మరుసటి రోజు పొద్దున ఏడు గంటలకు బ్రాంచ్ వాట్సాప్ గ్రూపులో రెడ్ లిస్టు, అంటే వసూలు తగ్గినవాళ్ల పేర్ల జాబితా, పడింది. మొదటి పేరు అతనిదే.

అతను అడిగింది సాకు ఎట్లా అవుతుంది? ఏడాది పొడుగునా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. వానను నమ్ముకుని వేరుశనగ వేస్తారు, అది పోతే బెంగళూరు బస్సెక్కుతారు. ఇది మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ తమ్ముడిది పక్కా పనికి సంబంధించిన ప్రశ్న. కోచింగ్ తెలిసిన మనిషి అయితే అక్కడే ఆగి అతన్నే అడిగి ఉండేవారు: ఊర్లో లేనివాళ్లు ఎంతమంది? వాళ్లు ఉగాదికి వస్తారా, వాన పడ్డాక వస్తారా? వాళ్లతో ఫోన్లో మాట్లాడినావా? ఇందులో నువ్వు సొంతంగా తీసుకోగల నిర్ణయం ఏది, మీ మేనేజర్ తీసుకోవాల్సింది ఏది? ఈ నాలుగు ప్రశ్నలకు పది నిమిషాలు పట్టేది. హాల్లో ఉన్న మా అందరికీ ఆ పది నిమిషాలు నెలల పాటు పనికొచ్చేవి.

కోచింగ్ పద్ధతుల గురించి నేను చదివి తెలుసుకున్నది మీ ముందు పెడతాను. ట్రైనర్లకు ఇది కొత్త కాదు. అయినా మాకు చెప్పే క్లాసుల్లో ఇది ఎక్కడా కనిపించడం లేదు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

ఉద్యోగాల్లో కోచింగ్‌కు ఎక్కువగా వాడే పద్ధతిని 'గ్రో' అంటారు. 1980లలో బ్రిటన్‌లో రూపుదిద్దుకుంది. అందులో నాలుగు మెట్లు. నీకు ఏం కావాలి, ఇప్పుడు పరిస్థితి ఏమిటి, ఏయే దారులున్నాయి, అందులో నువ్వు ఏది ఎప్పుడు చేస్తావు. రెండో మెట్టు పరిస్థితి గురించే ఉంది చూడండి. "పరిస్థితిని చూడకు" అని చెప్పే కోచింగ్ నేను చదివిన ఏ పద్ధతిలోనూ లేదు.

మనిషిలో మార్పు తేవడానికి వాడే ఇంకో సంభాషణ పద్ధతిని విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1983లో మొదట వివరించారు. తాగుడు మానలేని వాళ్లకు వైద్యం చేస్తూ ఆయన గమనించిన విషయం ఒకటే. "నువ్వు మారాలి" అని ఎదుటివాడు ఎంత గట్టిగా వాదిస్తే, మనిషి మారకపోవడానికి అన్ని కారణాలు వెతుక్కుంటాడు. అతని కారణాలు అతని నోటితోనే చెప్పనిస్తే, వాటిని శ్రద్ధగా విని తిరిగి అతనికే అప్పజెప్తే, అడుగు కదులుతుంది. ఇది మా మీద పనిచేస్తుంది. కంతు కట్టలేక ముఖం చాటేస్తున్న మా సభ్యురాలి మీదా పనిచేస్తుంది. మాకు నేర్పవలసిన విద్య ఇదే అని నా అభిప్రాయం.

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దశాబ్దాల పాటు పరిశోధించి చెప్పింది కూడా వినండి. మనిషి లోపలి నుంచి ఉత్సాహంగా పనిచేయాలంటే మూడు కావాలి. తన పనిలో కొంతైనా తన ఇష్టం చెల్లాలి. ఈ పని నాకు చేతనవుతుందన్న నమ్మకం ఉండాలి. చుట్టూ ఉన్నవాళ్లు తనను మనిషిగా చూస్తున్నారన్న భరోసా ఉండాలి. మా రూటు మేం మార్చుకోలేం, మీటింగు రోజు మార్చుకోలేం, రెడ్ లిస్టులో పేరు పడ్డాక భార్యాపిల్లల ముందు ఫోన్ తీయలేం. మూడింటిలో ఒక్కటీ మిగల్చకుండా వేదిక మీది నుంచి ఉత్సాహం నింపితే అది ఆ సాయంత్రం దాకా కూడా నిలవదు.

ఇవన్నీ మన దగ్గర జరిగే పనులు కావు అనుకోవద్దు. మా బ్రాంచ్‌లోనే కొంతకాలం ఒక మేనేజర్ ఉండేవారు. తర్వాత వేరే జిల్లాకు బదిలీ అయ్యారు. ఆయన నోట కోచింగ్ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. నా సెంటర్ ఒకదాంట్లో కంతులు వరసగా తగ్గుతుంటే అందరి ముందు నిలబెట్టి అడగలేదు. ఆయన బండి మీద ఆయన, నా స్కూటీ మీద నేను ఆ ఊరికి బయల్దేరాం. దారిలో టీ బంకు దగ్గర ఆపి అడిగారు: "ఈ సెంటర్ ఎట్లుంటే బాగుంటుందని నీకు అనిపిస్తాంది మ్మా?" చెప్పాను. "ఇప్పుడు ఎట్లుంది?" అదీ చెప్పాను. "ఏమేం చేసి చూడొచ్చు?" నాకు తోచినవి చెప్పాను. చివరగా, "అందులో నువ్వు ఏది చేస్తావు, నానుంచి ఏం కావాల?" అన్నారు. అంతసేపూ ఆయన ఫోన్ జేబులోనే ఉంది, రెండుసార్లు మోగినా తీయలేదు. ఊర్లోకి పోయాక ఆడవాళ్లను కూడా అట్లే అడిగాం. ఒకామె అంది: "మాకు కూలి శనివారం ఇస్తారక్కా. మీరు శుక్రవారం వచ్చి కూర్చుంటారు. శుక్రవారం నాడు డబ్బులు యాడినుంచి తేవాల?" ఎన్నో నెలలుగా ఆ ఊరికి పోతున్నా. ఆ ముక్క అంతవరకు ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మీటింగును సోమవారానికి మార్చడానికి ఆయన పై ఆఫీసుతో మాట్లాడి ఒప్పించారు. ఆ సెంటర్ మళ్లీ నిలబడింది. ఆ తర్వాత వేరే సెంటర్లలో కూడా కూలి ఏ రోజు ఇస్తారు, సంత ఏ రోజు అని అడగడం నాకు అలవాటైపోయింది. నాకు జరిగిన కోచింగ్ ఇది ఒక్కటే. ఫంక్షన్ హాలు అక్కర్లేదు, ఖర్చు రెండు టీలు.

ఇప్పుడు జరుగుతున్న పద్ధతి వల్ల ఎవరికి ఏం నష్టమో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. మా ఆదివారం పోతోంది. వారానికి 48 గంటలే పని అని, వారంలో ఒక సెలవు ఇవ్వాలని, అంతకు మించి చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం చెబుతోంది. హాజరు తప్పనిసరి చేసిన క్లాసు పని కాకపోతే మరేమిటి? దానికి జీతం లేదు, బదులు సెలవు లేదు. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఆరింటికి బయల్దేరి రాత్రి లెక్కలు అప్పజెప్పి ఇంటికి చేరే మనిషికి ఆదివారం ఒక్కటే బట్టలు ఉతుక్కునే రోజు, పిల్లల ముఖం చూసే రోజు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్కగట్టాయి. ఒత్తిడి తగ్గించుకోవడం ఎట్లాగో చెప్పే క్లాసు కోసం విశ్రాంతి రోజును తీసుకోవడం సరైనదేనా, మీరే ఆలోచించండి.

2. నమ్మి చెప్పిన మాట బయటికి వస్తోంది. నిరుడు మా చేత ఫోన్లో ఒక వెల్‌బీయింగ్ ఫారం నింపించారు. వివరాలు రహస్యంగా ఉంచుతాం అని పైన రాసి ఉంది. కింద మొదటి గడిలోనే ఎంప్లాయీ ఐడీ అడిగారు. మా సహోద్యోగి ఒకాయన ఉన్నదున్నట్టు రాశాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, పొద్దున ఫోన్ మోగితే గుండె దడదడలాడుతోందని. తర్వాతి రివ్యూలో పై అధికారి ఒకరు ఆ మాటలే అందరి ముందు చదివి, "నిద్రే పట్టనోడివి కలెక్షన్ ఏం చేస్తావు?" అన్నారు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. పక్కన కూర్చున్న నాకు ఆయన చేతిలోని కలెక్షన్ షీటు వణకడం కనిపించింది. అప్పటి నుంచి ఏ ఫారం వచ్చినా అందరం పదికి పది వేసి పంపిస్తున్నాం. మీ దగ్గరున్న ఆ మార్కులను చూసి సిబ్బంది బాగున్నారని అనుకోవద్దు. 1995లో ఏర్పడిన అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య నీతి నియమాల్లో ముఖ్యమైనది గోప్యత. డబ్బు చెల్లించే సంస్థకు ఏ సమాచారం వెళ్తుంది, ఏది వెళ్లదు అన్నది మొదలుపెట్టక ముందే ఇద్దరికీ చెప్పి ఒప్పించాలి. మాకు అట్లా ఎవరూ చెప్పలేదు.

3. లోపమంతా మనిషిలోనే ఉన్నట్టు తేలుతోంది. పనిలో అలసిపోయి, పని మీద విరక్తి పుట్టి, తన వల్ల కాదనిపించే స్థితిని బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని తన అంతర్జాతీయ జబ్బుల జాబితాలో వివరిస్తూ అది జబ్బు కాదని, పనిచోట చాలాకాలం సరిగా సర్దుబాటు చేయని ఒత్తిడి వల్ల వచ్చేదని రాసింది. 2022లో అదే సంస్థ పనిచోట మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగికి నేర్పేవాటితో పాటు పని భారాన్ని, పనిచేయించే తీరును మార్చాలని, సిబ్బంది బాధను గుర్తించి స్పందించేలా మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. మన జిల్లాలో క్లాసుకు కూర్చునేది మాత్రం ఎప్పుడూ మేమే. మేనేజర్లు ముందు వరుసలో కూర్చుని మా హాజరు వేస్తారు.

4. మా మీద పడ్డ ఒత్తిడి మా దగ్గరే ఆగడం లేదు. ఈ లేఖలో అన్నిటికన్నా నేను ఎక్కువ బాధతో రాస్తున్న మాట ఇది. పొద్దున ఏడింటికి గ్రూపులో పేరు పడిన మనిషి తొమ్మిదింటికి సెంటర్‌లో ఏ గొంతుతో మాట్లాడతాడో ఊహించుకోండి. "ఈరోజు జీరో చేసుకుని రావాల్సిందే", అంటే ఒక్క కంతు కూడా బాకీ మిగలకూడదు, అని పైనుంచి వచ్చిన మాట మా నోటి నుంచి ఇంకో రూపంలో ఒక ఇంటి గడప ముందు పడుతుంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టి పూట గడుపుకునే ఆమె, ఉరవకొండ దగ్గర కలుపు తీతకు పోయే ఆమె, పక్కింటివాళ్లు చూస్తుండగా ఆ మాటలు పడాలి. ఒక సభ్యురాలు కట్టకపోతే మిగతా గ్రూపును కదలనీయకుండా గంటలు గంటలు కూర్చోబెట్టడం, వాళ్లలో వాళ్లకే తగవు పెట్టడం జరుగుతోంది. ఆ రోజు కూలి వాళ్లందరికీ పోతుంది. ఇది నేను కళ్లారా చూశాను.

ఉమ్మడి రాష్ట్రంలో ఇట్లాంటి వేధింపులు, ఆత్మహత్యల వార్తల తర్వాతనే 2010 అక్టోబరులో ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది. అది మన రంగంలో ఎవరూ మర్చిపోకూడని సంగతి. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు మైక్రోఫైనాన్స్ అప్పుల మీద ఇచ్చిన ఆదేశాల్లో బెదిరించడం, తిట్టడం, పదే పదే ఫోన్ చేయడం, ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయడం, బంధువులను, స్నేహితులను, తోటి ఉద్యోగులను వేధించడం కూడదని స్పష్టంగా ఉంది. కంతు వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరసగా రెండుసార్లు, అంతకు మించి రానప్పుడే ఇంటికో పనిచోటికో వెళ్లాలి. సిబ్బంది శిక్షణలో అప్పు తీసుకున్నవాళ్లతో మర్యాదగా నడుచుకోవడం నేర్పే కార్యక్రమాలు ఉండాలని, ఆ ప్రవర్తనను సిబ్బంది జీతభత్యాల లెక్కలో కూడా చేర్చాలని అదే ఆదేశాల్లో రాసి ఉంది. నా ఇన్సెంటివ్ షీటులో వసూలు శాతం ఉంది, కొత్త అప్పుల సంఖ్య ఉంది. మర్యాదకు గడి లేదు.

5. కొత్త పిల్లలు నిలవడం లేదు. చేరిన కొన్ని నెలలకే వెళ్లిపోతున్నారు. పల్లెలో ఆడవాళ్లకు మళ్లీ మళ్లీ కొత్త ముఖమే. ఇంట్లో జబ్బు ఉందని, మగ్గం ఆగిపోయిందని పోయినసారి వచ్చినవాడికి చెప్పుకున్న మాట ఈసారి వచ్చినవాడికి తెలియదు. వెళ్లిపోయినవాడి సెంటర్లు మిగిలినవాళ్ల నెత్తిన పడతాయి.

ట్రైనర్లకు, కోచ్‌లకు విడిగా ఒక మాట. మీలో చాలామంది మంచి ఉద్దేశంతోనే వస్తారని నాకు తెలుసు. లక్ష్యం పెట్టుకోమంటారు, నిజమే. లక్ష్యాల మీద చాలాకాలం పరిశోధించిన ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ కూడా స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం మనిషి చేత ఎక్కువ పని చేయిస్తుందనే చెప్పారు. దానికి షరతులు కూడా వాళ్లే చెప్పారు. మనిషి ఆ లక్ష్యాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, అది చేసే నేర్పు, వసతి అతనికి ఉండాలి, ఎంతవరకు వచ్చాడో తెలుస్తూ ఉండాలి. మీరు మొదటి ముక్క చెప్పి మిగతావి వదిలేస్తున్నారు. "ఇట్లా అయితే అట్లా చేస్తా" అని ముందే అనుకోవడం మంచి అలవాటు అని మొన్న ఒకరు నేర్పారు. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధించిన పద్ధతి అది. నాకు నచ్చింది కూడా. "రాత్రి ఎనిమిది దాటితే ఫోన్ పక్కన పెట్టి పిల్లలతో కూర్చుంటా" అని రాసుకున్నాను. ఎనిమిదిన్నరకు రివ్యూ కాల్. ఎత్తకపోతే మరుసటి రోజు సంజాయిషీ. నా చేతిలో లేని గంటకు నేనేం ప్రణాళిక వేసుకోను? ఈ సంగతి మా యాజమాన్యానికి చెప్పగలిగే చోట మీరు కూర్చుంటున్నారు. మేం చెబితే సాకు అవుతుంది, మీరు చెబితే సలహా అవుతుంది. దయచేసి చెప్పండి.

మా డిమాండ్లు ఇవి.

1. శిక్షణ పనిదినంలో, పనిగంటల్లోనే పెట్టాలి. ఆదివారం తప్పదనుకుంటే అదే వారంలో బదులు సెలవు ఇవ్వాలి, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. ఇప్పటిదాకా జరిగిన ఆదివారాలకు కూడా లెక్క కట్టాలి.

2. వాట్సాప్ గ్రూపుల్లో పేర్లతో రెడ్ లిస్టులు పెట్టడం వెంటనే ఆపాలి. ఎవరి లెక్క వాళ్లకు విడిగా పంపండి. దీనికి రూపాయి ఖర్చు లేదు, ఈరోజే చేయొచ్చు.

3. ప్రతి మేనేజరూ తన కింద పనిచేసే ప్రతి ఒక్కరితో నెలకు ఒకసారి అరగంట విడిగా కూర్చోవాలి. ఆ అరగంటలో కలెక్షన్ షీటు తెరవకూడదు. ఏం అడ్డొస్తోంది, నువ్వేం చేయాలనుకుంటున్నావు, నేనేం చేసిపెట్టాలి అని అడగాలి. మేనేజర్ ఒప్పుకున్న పని చేశారా లేదా అన్నది వచ్చే నెల మొదట చూసుకోవాలి. దీనికి ముందు మేనేజర్లకు వినడం, ప్రశ్న అడగడం మీద శిక్షణ ఇప్పించండి. ఫీల్డ్ స్టాఫ్‌కు పెట్టే క్లాసుల డబ్బు ఒక ఏడాది అటు మళ్లించినా మాకు అభ్యంతరం లేదు.

4. మీటింగు రోజు, వేళ, రూటు మార్చే విషయంలో ఫీల్డ్ ఆఫీసర్ మాటకు, ఆ ఊరి సభ్యుల మాటకు విలువ ఇవ్వాలి. మార్పు అడిగిన వారంలోపు అవుననో కాదనో కారణంతో చెప్పాలి.

5. వెల్‌బీయింగ్ సర్వేల్లో పేరు, ఐడీ, ఫోన్ నంబర్ అడగకూడదు. కోచ్‌తో మాట్లాడింది కోచ్ దగ్గరే ఉండాలి. ఏది పైకి వెళ్తుందో ముందే తెలుగులో రాసివ్వాలి. రహస్యంగా చెప్పిన మాటను రివ్యూలో వాడిన అధికారి మీద చర్య ఉండాలి.

6. ఇన్సెంటివ్ లెక్కలో సభ్యులతో ప్రవర్తనను చేర్చాలి. రిజర్వ్ బ్యాంకు చెప్పినదే అడుగుతున్నాం. ఆ ఆదేశాలను తెలుగులో అచ్చు వేయించి ప్రతి సిబ్బందికీ, ప్రతి సెంటర్‌కూ ఇవ్వండి. "జీరో చేసుకుని రావాల్సిందే" అనే నోటి ఆదేశాలు ఆపండి.

7. మనసు బాగాలేని మనిషిని ట్రైనర్ దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి పంపాలి. జీతం కోయకుండా సెలవు ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు నుంచి నడుపుతున్న టెలీ మానస్ నంబర్ 14416 ప్రతి బ్రాంచ్ గోడ మీద, ప్రతి సెంటర్‌లో రాయించండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సిబ్బందికీ అవసరమే, సభ్యులకూ అవసరమే.

8. ట్రైనర్ గారు ఎవరైనా సరే, క్లాసుకు ముందు ఒక పూట మాతో సెంటర్‌కు రావాలి. ఏదో ఒక పల్లెలో మా పక్కన చాప మీద కూర్చుని కంతు వసూలు చూడాలి. ఆ తర్వాత ఏం చెప్పినా వింటాం.

9. జిల్లా కార్మిక శాఖ అధికారులకు కూడా విన్నవించుకుంటున్నాం. ఫైనాన్స్ సంస్థల బ్రాంచీల్లో పనిగంటల రిజిస్టరు, వారపు సెలవు రిజిస్టరు తనిఖీ చేయండి. తనిఖీకి వచ్చినప్పుడు మేనేజర్ లేని గదిలో సిబ్బందితో మాట్లాడండి.

ఈ లేఖ మీద సంతకం పెట్టనందుకు తప్పుగా అనుకోవద్దు. మాలో చాలామంది ఇళ్లకు ఇదే ఆధారం. మా అర్జీ కాపీలు, పెట్టిన మెయిళ్లు మీ దగ్గర ఉన్నాయి, వాటి మీద పేర్లూ ఉన్నాయి. వచ్చే నెల పదో తేదీలోపు ఆ అర్జీలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఒప్పుకున్నవి ఏవి, ఎప్పటి నుంచి అమలు చేస్తారు, ఒప్పుకోనివి ఏవి, ఎందుకు అన్నది అందులో ఉండాలి. మాట్లాడదామంటే ఏ పనిదినం సాయంత్రమైనా అనంతపురం వస్తాం, ప్రతి మండలం నుంచి ఒకరు చొప్పున. జవాబు రాకపోతే ఇవే కాగితాలతో కార్మిక శాఖ కార్యాలయానికి, ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాం. సభ్యుల ఫిర్యాదులు కూడా వాళ్ల చేత రాయించి జతచేస్తాం.

ఇట్లు,
ఫీల్డ్ సిబ్బంది తరఫున ఒక ఫీల్డ్ ఆఫీసర్,
అనంతపురం జిల్లా